యాభై ఐదు బారలు

ఫిబ్రవరి 3, సోమవారం

మా రైఫిల్ క్లబ్బు సెక్రటరీ గణేశ్వరరావు సార్ వంద మీటర్ల లెక్కల పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. వేసే ముందు అందులో ఒక పేజీ తన మేనల్లుడు సాయికి చూపించారు. మిగతా ఐదుగురికీ చూపించలేదు. జరిగిన చోటు పోర్ట్ బ్లెయిర్ దగ్గర తుష్నాబాద్‌లో క్లబ్బు ఆఫీసు గది, జరిగిన వేళ ఈ పొద్దున తొమ్మిదిన్నర. కోపంలో తర్వాత వివరాలు తారుమారు కాకూడదని ముందే రాసి పెట్టుకుంటున్నాను. కోపం లేదు.

ఇరవై మూడున సెలక్షన్. ఆరుగురిలో ఒక్కరే హైదరాబాద్ పోటీకి వెళ్తారు. పోటీ వంద మీటర్లది. మేము రోజూ కాల్చేది యాభై. సెలక్షన్లో పరీక్ష తూటాలు ఇవ్వరు, ఎక్కడ తగిలిందో చూసుకోడానికి దుర్బిణీ ఉండదు. పది తూటాలు, మొదటిదాని నుంచే లెక్క. యాభైకి సరిచేసిన రైఫిల్‌తో వందకి కాలిస్తే తూటా కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందో తెలిసినవాళ్ళు రైఫిల్ మీద గురి చూసే సైటుని అంత మేరకి తిప్పుకుంటారు. తెలియనివాళ్ళు కాగితం అడుగున కన్నాలు పెట్టి ఇంటికొస్తారు.

"ఆ పుస్తకం అందరికీ చూపించండి సార్" అన్నాను.

"అది క్లబ్బు పుస్తకం కాదమ్మా. నాది."

"సాయికి చూపించారుగా."

"సాయి మా ఇంటి పిల్లాడు. వాడికి నా చిరిగిన బనీను కూడా చూపిస్తాను. చూస్తావా?"

ఆయుధాల గది చూసుకునే లోకనాథం బాబాయ్ పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వు. నేను నవ్వలేదు. తెలిసినదాన్ని దాచుకోవడం అంటే పక్కవాడి చూపులో సగం కోసుకుపోవడమే. ఇది ఏ కరపత్రంలోనూ చదవలేదు, నేనే అనుకున్నాను. ఎక్కడైనా వాడాలి.

ఫిబ్రవరి 4

ఈ రోజు నేను టూరిస్టులకి పర్మిట్లు రాసే జెట్టీలో జనం తక్కువ. పర్మిట్ కాగితాలు తొందరగా అయిపోయాయి. వండూర్‌లో సిగ్నల్ ఉన్న రెండు గంటలూ ఫోన్లో వెతికాను. మా తూటాల డబ్బా మీద లాట్ నంబరు ఉంది, ఇంకేమీ లేదు. కంపెనీవాళ్ళ పట్టిక ఒకటి దొరికింది గాని అది వేరే రకం తూటాది. లెక్క చేసిపెట్టే వెబ్‌సైట్లు మూడు దొరికాయి. తూటా గొట్టం దాటేటప్పుడు వేగం ఎంత, సైటు గొట్టానికి ఎంత ఎత్తులో ఉంది, గాలి ఎంత వేడిగా ఉంది అని అడుగుతాయి. సైటు ఎత్తు స్కేలుతో కొలిచాను, నాలుగు సెంటీమీటర్లు. వేగం ఎవరికి తెలుసు? ఊహించి వేస్తే ఒకటేమో ఇరవై సెంటీమీటర్లు దిగుతుంది అంది, ఇంకోటి ఇరవై నాలుగు అంది. మూడోది డబ్బులు కట్టమంది.

నాలుగు సెంటీమీటర్ల తేడా అంటే పది పాయింట్ల గుండ్రం దాటి పక్క గుండ్రంలోకి పోవడం.

ఫిబ్రవరి 6

బస్సులో సాయి నా పక్కన వచ్చి కూచున్నాడు. నాకన్నా మూడేళ్ళు చిన్న. వాళ్ళ మామయ్య బుద్ధులు రాలేదు, ఇంకా.

"దీదీ, ఆ పేజీ ఫోటో నా ఫోన్లో ఉంది. ఛుప్‌చాప్ పంపించేస్తాను."

"అందరికీ పంపు."

"అందరికీ పంపితే మామయ్య నా తోలు ఒలిచి ఉప్పేస్తాడు."

"అయితే నాకూ వద్దు."

"నీకో దండం. ఇరవై ఒక్క సెంటీమీటర్లు. గాలికి చెప్పాను, నీక్కాదు. నువ్వు వినలేదనుకో."

ఫిబ్రవరి 7

నేను వినలేదు.

ఫిబ్రవరి 8

ఒకరి బీరువా ముందు చెయ్యి చాపడం ఎందుకు? మా పట్టిక మేమే తయారు చేసుకుంటాం. క్లబ్బు వెనక తూటాల్ని ఆపే పాత మట్టికట్ట ఒకటి వాడకంలో లేకుండా ఉంది. దాని ముందు నేల నూట ముప్పై మీటర్ల దాకా ఖాళీ. గుర్తురాళ్ళు మాత్రం లేవు. లోకనాథం బాబాయ్‌ని అడిగితే, ఎర్రజెండా పెట్టి, తను పక్కనే ఉండి, రిజిస్టర్‌లో రాస్తే కాల్చుకోవచ్చు అన్నాడు. దూరం కొలవడమే చిక్కు. క్లబ్బు టేపు ఉప్పుగాలికి తుప్పు పట్టి ముప్పై అడుగుల దగ్గర తెగి ఉంది.

"మీ నాన్నకి తాళ్ళున్నాయి కదే" అన్నాడు బాబాయ్.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాన్న డింగీ ఒడ్డుకి లాగి వల విదిలిస్తున్నాడు. లంగరు తాడు కావాలన్నాను.

"ఏటే గుంటా, ఆడపిల్లలు రిబ్బన్లు అడుగుతారు గాని లంగరు తాడడిగిందాన్ని నిన్నే సూత్తన్నాను."

"వంద మీటర్లు కొలవాలి నాన్నా."

"మీటర్లూ గీటర్లూ నాకు తెల్దు. బార బారకీ ముడేసున్నాది. లెక్కెట్టుకో. తడిపి తేకు, మళ్ళీ నేను ఆరబెట్టలేను."

బార అంటే ఆరడుగులు. బళ్ళో చదివిన లెక్కల పుస్తకంలోనూ అదే, తాతల కాలం నుంచీ అదే. వంద మీటర్లంటే మూడు వందల ఇరవై ఎనిమిది అడుగులు. యాభై ఐదు బారలకి రెండడుగులు తక్కువ. సరిగ్గా సరిపోయింది. పనిచేసే మనుషుల కొలతలు పుస్తకాల కొలతల పక్కన నిలబడి తలెత్తుకుంటాయి.

ఫిబ్రవరి 10, సోమవారం

జెట్టీకి సెలవు. కట్ట దగ్గర నుంచి తాడు సాగదీసి యాభై ఐదో ముడి మీద, రెండడుగులు ముందుకి జరిగి, కర్ర పాతాను. జెండా పెట్టాం. బోర్లా పడుకుని పది తూటాలు. సైటు ముట్టుకోలేదు, యాభైకి ఉన్నట్టే ఉంచాను. తర్వాత బాబాయ్ నేనూ కాగితం దగ్గరికి నడిచి, గురిపెట్టిన చుక్క నుంచి ఒక్కొక్క కన్నానికీ స్కేలు పెట్టాం. సగటున పద్నాలుగున్నర సెంటీమీటర్లు కిందికి.

"తక్కువగా లేదూ?" అన్నాడు బాబాయ్.

"మనకి నచ్చినంత దిగదు బాబాయ్. అది దిగినంతే."

"ఫోన్లో ఇరవై పైన అన్నావుగా."

"ఆ లెక్కలు వేరే దేశాల గాలికి. మనది సముద్రపు గాలి, చిక్కగా ఉంటుంది. తూటాని మోస్తుంది."

"గాలి మోసేదైతే మీ నాన్న పడవ ఎందుక్కొన్నాడు?"

ముసలివాళ్ళకి హాస్యం ఎక్కువ. ఫోన్ తప్పు, గణేశ్వరరావు సార్ పేజీ తప్పు. పేజీలో ఎంత ఉందో నాకు తెలియదు. కాని తప్పు.

ఫిబ్రవరి 11

కరపత్రం రాశాను. పోర్ట్ బ్లెయిర్‌లో ఇరవై కాపీలు తీయించాను. ఇక్కడా ఎక్కించుకుంటున్నాను.

"తోటి షూటర్లారా, పన్నెండేళ్ళుగా బీరువాలో మగ్గుతున్న లెక్కల పుస్తకం తప్పుడు లెక్కల పుస్తకం. దాన్ని దాచింది అందుకే. మేము పగటి వెలుగులో, అందరూ చూస్తుండగా, కొలిచి కాల్చి తేల్చిన లెక్క ఇదీ: వంద మీటర్లకి పద్నాలుగున్నర సెంటీమీటర్లు. ఇది ఎవరి సొత్తూ కాదు. కాపీ చేసుకోండి, సైటు తిప్పుకోండి. తెలిసింది పంచుకుందాం."

"అందరూ చూస్తుండగా" అన్నచోట బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. ఒకడైనా సాక్షి సాక్షే.

ఫిబ్రవరి 12

నోటీసు బోర్డు మీద ఒకటి అంటించాను. మిగతావాళ్ళకి తలా ఒకటి ఇచ్చాను. సిప్పీఘాట్ నుంచి వచ్చే లహరి కాగితాన్ని మడిచి రైఫిల్ సంచీలో పెట్టుకుంది.

"నువ్వు కొలిచావంటే ఇంక నేను కొలవక్కర్లేదు" అంది.

రోజంతా ఆ మాట తియ్యగా ఉంది.

ఫిబ్రవరి 13

గణేశ్వరరావు సార్ పిలిచారు. బల్ల మీద కరపత్రం, దాని మీద ఆయన కళ్ళజోడు.

"ఎన్ని తూటాలు కాల్చావు?"

"పది."

"ఎన్ని రోజులు?"

"ఒక పొద్దున."

"నేను పన్నెండేళ్ళు కాల్చాను. వాన వెలిసిన రోజు, ఎండ మాడిన రోజు, డబ్బా మారిన ప్రతిసారీ. లాట్ మారితే లెక్క మారుతుంది. అది తెలుసా నీకు?"

"పన్నెండేళ్ళు కాల్చి పన్నెండేళ్ళు దాచారు."

ఆయన కరపత్రం మీది కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"పంచితే చదువుతారు, కాల్చరు. ఇంకొకడి లెక్క సైటుకెక్కించుకుని నాది తప్పంటారు. దూరం ఎవరు కొలిచారు?"

"నేనే. మా నాన్న తాడుతో."

"నూకయ్య తాడా?"

నవ్వారు. మీసం కింద, చిన్నగా, కాని నవ్వారు.

"పడవవాళ్ళ తాడంటే అంత చులకనా సార్?" అని లేచాను.

"అమ్మా, కూచో. నేనన్నది..."

ఏమన్నారో వినలేదు. తలుపు నేను వెయ్యలేదు, గాలికి పడింది. పెద్ద చప్పుడే అయింది. నాన్న చేతుల్ని చూసి నవ్వేవాడి దగ్గర నేర్చుకునేది నాకేమీ లేదు.

ఫిబ్రవరి 16

కోపం లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇంత మంచి రోజు ఈ మధ్య లేదు. ఆరుగురం పాత కట్ట దగ్గర చేరాం. నేను పాతిన కర్ర దగ్గర పడుకుని, నా లెక్క ప్రకారం సైటు తిప్పుకుని తలా ఐదు తూటాలు కాల్చాం. అందరివీ నల్లచుక్కలో. లహరివి ఐదింట్లో మూడు పది మీదే.

సాయి అందరి ముందూ ఫోన్ తీసి, వాళ్ళ మామయ్య పేజీ ఫోటో చెరిపేశాడు.

"ఖతమ్" అన్నాడు. "ఇరవై ఒకటి తిప్పుకునుంటే బుర్రల మీంచి పోయేవి. దీదీ జిందాబాద్."

జిందాబాద్ నాకు ఇష్టం లేదు. వ్యక్తుల్ని కాదు, పద్ధతిని పొగడాలి. అయినా నోరెత్తలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

సాయంత్రం జెట్టీ నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు అప్పలరాముడు మావ నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, మా గుమ్మంలోకి ఎప్పుడూ వంగే వస్తాడు. పోయిన వారం నాన్న దగ్గర లంగరు తాడు ముక్క తీసుకెళ్ళాడు.

"నలభై బార్లన్నావు నూకయ్య బావా. నా చేతుల్తో లెక్కెడితే ముప్పయ్యైదున్నరే వచ్చింది. లంగరు నేల తగల్లేదు. పడవ కొట్టుకుంటూ ఎల్లిపోనాది."

"నలభై ముడులున్నాయా లేవా?" అన్నాడు నాన్న.

"ఉన్నాయి."

"మరింకేటి?"

"ముడులు నీ చేతులు బార్లా సాపి ఎట్టినవి. నీ బార నా మోచేతి దగ్గరే ఆగిపోద్ది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "పెళ్ళప్పుడు ఆయన బారతోనే పందిరి గుడ్డ కొలిచారు. పెళ్ళికొడుకు తల లోపలుంది, నా తల బయటుంది."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

"నా పడవలో నా బారే సెల్లుతాది" అన్నాడు. "నాను దించుతాను, నానే లాగుతాను. సముద్రం ఏనాడూ తప్పట్టలేదు."

నేను లోపలికి వెళ్ళిపోయాను. ఇది తాళ్ళ గొడవ. దీనికీ దానికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

సంబంధం ఉంది.

మూడున్నర పడవ వచ్చేశాక సెలవడిగి తాడు పట్టుకుని క్లబ్బుకి వెళ్ళాను. యాభై మీటర్ల వరసలో సిమెంటు గుర్తులున్నాయి. కట్టినప్పుడు సర్వేవాళ్ళు పెట్టినవి, అవి తప్పవు. వాటి మీద తాడు పరిచాను. బార ఆరడుగులైతే ఇరవై ఏడు ముడులు దాటి కొంచెం రావాలి. లెక్కపెట్టాను. దాదాపు ముప్పై ఒకటి. మళ్ళీ పెట్టాను. లోకనాథం బాబాయ్ వచ్చి మూడోసారి ఆయనే పెట్టాడు.

ముప్పై ఒకటి.

నాన్న బార అయిదడుగుల నాలుగంగుళాలు. నేను వంద అనుకుని కర్ర పాతిన చోటు ఎనభై తొమ్మిది మీటర్లు. అక్కడి నుంచి కాల్చి తెచ్చిన లెక్కని అక్కడి నుంచే కాల్చి సరిచూసుకున్నాం. చుక్కలో పడక ఎక్కడికి పోతాయి?

"యాభై మీద ముందే పరిచి చూడాల్సింది" అన్నాడు బాబాయ్. తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఎవరికీ చెప్పకు బాబాయ్. నేనే చెబుతాను."

"చెప్పు మరి. మూడు రోజులే ఉంది."

ఫిబ్రవరి 21, శుక్రవారం

బాబాయ్ ఎవరి దగ్గర నుంచో మంచి టేపు తెచ్చాడు. అసలైన వందకి కర్ర పాతాం. పది తూటాలు. ఇరవై రెండు సెంటీమీటర్లు. సార్ పేజీలో ఇరవై ఒకటి. ఆయన కాల్చింది పాత లాట్, మాది కొత్తది. ఒక్క సెంటీమీటరు తేడా. ఆయన చెప్పినట్టే.

ఇప్పుడు సరైన లెక్క తెలిసినవాళ్ళు బాబాయ్, నేను. మిగతా ఐదుగురి సైట్లూ పద్నాలుగున్నర మీద ఉన్నాయి. ఆదివారం వాళ్ళవి ఏడున్నర సెంటీమీటర్లు కిందికి పడతాయి. దుర్బిణీ లేదు కాబట్టి పది తూటాలూ అయ్యేదాకా వాళ్ళకి తెలియదు. నావి చుక్కలో పడతాయి.

చెబుతాను.

ఫిబ్రవరి 22, శనివారం, పొద్దున

చెప్పలేదు. ఆలోచిస్తున్నాను. ఇప్పుడు చెబితే గందరగోళం. సెలక్షన్‌కి ముందు రోజు సైట్లు మార్చమంటే చేతులు వణుకుతాయి, అది వాళ్ళకే నష్టం. పైగా వాళ్ళూ కొలుచుకోవచ్చు, కొలుచుకోవద్దని నేనెక్కడా రాయలేదు. నేను హైదరాబాద్ వెళ్తే ఒక జాలరి కూతురు వెళ్ళినట్టు. అది చిన్న విషయం కాదు. తిరిగొచ్చాక అన్నీ వివరంగా ఒక కరపత్రం రాయొచ్చు.

చదువుకుంటే బాగానే ఉంది. ఒకటికి రెండుసార్లు చదివాను.

అదే రోజు, మధ్యాహ్నం

పర్మిట్ కిటికీ దగ్గరికి సాయి వచ్చాడు. తుష్నాబాద్ నుంచి ఇంత దూరం ఎందుకొచ్చావంటే, ఊరికే అన్నాడు. తర్వాత అసలు సంగతి.

"మామయ్య నాతో నాలుగైదు రోజుల నుంచీ మాట్లాడట్లేదు దీదీ. పక్కన కూచుని అన్నం తింటాడు, పప్పు కావాలంటే అత్తయ్యతో అడిగిస్తాడు. పేజీ చెరిపేశానని ఎవడో చెప్పేశాడు."

"మళ్ళీ అడగకపోయావా?"

"అడిగితే ఇస్తాడు. కాని నువ్వు అందరికీ ఇచ్చావు, ఆయన ఇవ్వలేదు. అదే చెప్పాను ఆయనతో. గౌతమి దీదీకి ఒకటి తెలిస్తే ఆరుగురికీ తెలుస్తుంది, నీకు తెలిస్తే బీరువాకి తెలుస్తుంది అన్నాను." నవ్వాడు. "అప్పట్నుంచే మాటల్లేవు."

వెనకాల వరసలో టూరిస్టులు గొణుగుతున్నారు. నేను ఒక కాగితం మీద రెండుసార్లు ముద్ర వేశాను.

"రేపు కలుద్దాం, టెన్షన్ మత్ లో" అని వెళ్ళిపోయాడు.

పర్మిట్ల బల్ల సొరుగులో నా కాగితం ముడుచుకుని ఉంది, ఇరవై రెండు అని రాసుకున్నది. సొరుగుకి తాళం వేసి ఉంది. తాళంచెవి నా మెడలో ఉంది.

అదే రోజు, నాలుగున్నర

బాబాయ్‌కి ఫోన్ చేశాను. రేపు పొద్దున ఆరింటికి ఆయుధాల గది తీస్తానన్నాడు. తలా ఐదు తూటాలు రిజిస్టర్‌లో రాసి ఇస్తానన్నాడు. తర్వాత గణేశ్వరరావు సార్‌కి చేశాను. మొత్తం చెప్పాను, తాడు సంగతితో సహా.

"నూకయ్య మా ఇంటి వెనక కంచెకి తాడు కొలిచిచ్చాడు, పదేళ్ళ కింద" అన్నారు. "కంచె మూలకి చేరలేదు. ఆ రోజు అదే చెప్పబోయాను."

"మీరు పుస్తకం దాచడం తప్పేనండి. అది తప్పు కాదని ఫోన్ చెయ్యలేదు."

"తెలుసు" అన్నారు. పెట్టేశారు. వస్తారో రారో చెప్పలేదు.

నాన్నకి చెబితే, "నా తాడుకేటి దోసం?" అన్నాడు. నిజమే. ఆయన ఎక్కడా ఆరడుగులనలేదు. అన్నది నేను.

రాసింది ఇదీ. ఐదుగురికీ పంపాను, నోటీసు బోర్డు మీద పాతదాని మీదే అంటించమని బాబాయ్‌కి కూడా పంపాను. ఇక్కడా ఎక్కించుకుంటున్నాను.

"సాయి, లహరి, తక్కిన ముగ్గురూ, మీకు నేనిచ్చిన లెక్క తప్పు. నేను వంద మీటర్లన్న చోటు ఎనభై తొమ్మిది. కొలతని సరిచూసుకోకుండా ముద్రేసి పంచాను, గణేశ్వరరావు సార్ లెక్క తప్పుడు లెక్క అన్నాను. ఆయన లెక్క సరైనదే. ఇది నాకు గురువారం నుంచీ తెలుసు. శుక్రవారం చెప్పలేదు, ఈ పొద్దున చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీరు ఊహించగలరు, ఆ ఊహ నిజమే.

అసలైన వందకి, ఈ లాట్‌కి, నాకు ఇరవై రెండు వచ్చింది. ఇది కూడా నా మాట మీద నమ్మొద్దు. టేపు ఉంటుంది, ఇద్దరు చెరో కొసా పట్టుకోండి. మీ రైఫిల్‌తో మీరే కాల్చి, మీ స్కేలుతో మీరే కొలుచుకోండి. సెలక్షన్ తొమ్మిదింటికి, మనకి మూడు గంటల టైముంది.

రేపు ఆదివారం, పొద్దున్న ఆరు గంటలకి, పాత కట్ట దగ్గర. ఆరుగురం ఉండాలి. ఐదుగురే వస్తే ఆరోవాళ్ళ కోసం ఆగుదాం."